మెట్టు అని మొదలుపెట్టిన అరుగు

సూరత్ డిండోలిలో మా ఇంటికి తలుపు ఉండేది, తాళం ఉండేది, గడపకు పసుపు కూడా ఉండేది. మెట్లు మాత్రం ఉండేవి కావు.

ఖాడీ కాలవ పొంగి వీధుల్లోకి మురుగునీళ్ళు వచ్చిన ఏడాది తర్వాత కట్టుకున్న ఇల్లు అది. ఆ నీళ్ళ భయంతో మా మామ పట్టుబట్టి పునాది ఎత్తు చేయించాడు. గడప నా మోకాలికి బాగా పైకి వచ్చింది. అంత ఎత్తు చేయించిన మనిషికి ఆ ఎత్తు ఎక్కేదెట్లా అన్న ఆలోచన రాలేదు. మేస్త్రీ వెళ్ళిపోయాక ఎక్కణ్ణుంచో ఒక బండరాయి దొర్లించుకొచ్చి, దాని మీద రెండు ఇటుకలు పెట్టి, "జర చూసుకొని ఎక్కున్రి" అన్నాడు. అంతే, ఏళ్ళు గడిచిపోయాయి.

ఎవరి పద్ధతి వాళ్ళది. మా ఆయన ఎగిరి ఎక్కేవాడు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, తలుపు గడియ పట్టుకుని ఎక్కేదాన్ని. మా అత్తకు మోకాళ్ళ నొప్పులు. ఆమె వీధికి ముఖం పెట్టి, వెనక్కి నడిచొచ్చి, గడప మీద కూలబడి, రెండు కాళ్ళూ ఎత్తి గిర్రున లోపలికి తిరిగేది. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది కానీ ఆమె ముఖం చూసి నవ్వే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఒకసారి పెళ్ళి పత్రిక ఇవ్వడానికి వచ్చిన చుట్టాలావిడ ఆ బండరాయిని చూసి, ఒక నమస్కారం పెట్టి, వీధిలోనే నిలబడి నాకు బొట్టు పెట్టింది. నేను గడపలో వంగి పెట్టించుకున్నాను.

ఇట్లా ఉండగా, ఊరి అవతల సచిన్ అనే పేటలో మా ఆయన పనిచేసే మిల్లులో పాత ప్రహరీ గోడ కూలగొట్టారు. బాగున్న సిమెంటు బ్లాకులు ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళమన్నాడు సేఠ్. మా ఆయన ఒక టెంపో నిండా వేసుకొచ్చి, ఇంటి ముందు కుప్ప పోయించి, తన పని అయిపోయినట్టు స్నానానికి వెళ్ళిపోయాడు.

మామ ఆ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక బ్లాకు ఎత్తి చూశాడు, మరొకదాన్ని వేలితో కొట్టి విన్నాడు.

"మేస్త్రీ గీస్త్రీ వద్దు. మెట్లు నేనే కడ్త" అన్నాడు.

అత్త వెంటనే అందుకుంది. "మెట్లతోటి పాటు చిన్న అరుగు గూడ కట్టరాదయ్యా. మస్తు బ్లాకులున్నయ్ గదా."

"అరుగా? అరుగు మాట ఎత్తకు."

ఆ కోపానికి కారణం ఉంది. మా మామ కరీంనగర్ వైపు పల్లె నుంచి కుర్రవాడిగా సూరత్ వచ్చి, బతుకంతా పవర్‌లూమ్ మగ్గాల మధ్య గడిపిన మనిషి. చెవులు సగం అక్కడే పోయాయి. ఆ చప్పుడులోనే బాబిన్ల సంచుల మీద తల పెట్టి నిద్రపోయేవాడట. అలాంటి మనిషికి, పని మానేశాక, ఇంట్లో ఆడవాళ్ళు నలుగురు కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటే మాత్రం మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. అరుగంటూ ఒకటి పడితే వీధిలోని ఆడవాళ్ళంతా తన తల పక్కనే చేరతారని ఆయన భయం. ఆ భయం న్యాయమైనదే. మేం చేరాలనే అనుకుంటున్నాం.

మాలో అందరికంటే ఎక్కువగా ఆశపడింది ఎదురింటి బా. బా అంటే గుజరాతీలో అమ్మ. కాఠియావాడ్ నుంచి వచ్చిన ముసలావిడ, వీధి మొత్తానికి బా. ఆమె పెద్దకొడుకు రోజూ వరాఛాకు వెళ్ళి వజ్రాలకు సానపెడతాడు. చిన్నకొడుకు ఇంటి ముందు గదిని మొబైల్ దుకాణం చేసి, షట్టర్ కోసం ఆవిడ అరుగును పడగొట్టేశాడు. అరుగును గుజరాతీలో ఓట్లో అంటారు. ఓట్లో పోయిన రోజు నుంచి బా వీధి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రిక్షా వచ్చిన ప్రతిసారీ కుర్చీతో సహా లేచి పక్కకు జరుగుతూ, ఆ కొడుకును తిడుతూ కాలం గడుపుతోంది.

మా మామకు తెలియకుండా ఏదైనా అనుకోవడం అంత సులువు కాదు. మగ్గాల దగ్గర పనిచేసినవాళ్ళకు పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం అలవాటు. వీధి ఆ చివర మేం ఆయన గురించి ఏదైనా అంటే, ఈ చివర నుంచి జవాబు చెప్పేవాడు. అందుకని అత్తా నేనూ రహస్యాలు ఉంటే గుజరాతీలో మాట్లాడుకునేవాళ్ళం. నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకు నోరు తిరుగుతుంది. అత్త తెలుగులో తిట్టినట్టే గుజరాతీ మాట్లాడుతుంది కానీ పని జరిగిపోతుంది. మామకు మాత్రం గుజరాతీ రాదని మా అందరి నమ్మకం. ఎన్నడూ హిందీ, తెలుగు తప్ప ఆయన నోట మరో మాట రాలేదు.

పని మొదలుపెట్టిన రోజు మామ పొద్దున్నే గడప ముందు నేలను చదును చేసి, నాలుగు ఇనుప చువ్వలు పాతి, వాటి చుట్టూ నైలాన్ దారం బిగించాడు. గడప ముందు ఒక మనిషి నిలబడేంత చిన్న గచ్చు, దాని ముందు మెట్లు, ఇదీ ఆయన లెక్క. తర్వాత సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస నన్ను గడప దగ్గర పట్టుకోమని, రెండో కొస తాను పట్టుకుని ఎత్తులు చూశాడు. గచ్చు ముందు అంచు గడప వైపు కంటే ఇంత దిగి ఉండాలని, వానపడితే నీళ్ళు వీధిలోకి జారాలని చెప్పి, ముందు చువ్వలకు ఆ ఎత్తులో ఎర్ర దారంతో ముడి వేశాడు.

"ఇగ గీ ముడి చూసుకుంట కట్టుకపోవుడే. దారం అబద్ధం చెప్పది కోడలా. మనుషులు చెప్తరు" అన్నాడు. బతుకంతా దారంతో గడిపిన మనిషి కదా.

దారం వెంట ముగ్గుపిండితో గీత వేయమని అత్తకు చెప్పి, అన్నం తిని, నిద్రపోయాడు.

అత్త ముగ్గు గిన్నె పట్టుకుని దారాన్ని చూసింది. నన్ను చూసింది. ఎదురుగా కుర్చీలోంచి బా మా ఇద్దరినీ చూసింది.

"థోడూఁ ఆగళ్" అంది బా. కొంచెం ముందుకు, అని.

ఇంక ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. నేను ముందు చువ్వలు రెండూ ఊపి ఊపి పీకాను. అత్త ఎక్కడ పాతాలో కాలి బొటనవేలితో చూపించింది. బా కుర్చీలోంచే "ఇంకా, ఇంకా" అని చెయ్యి ఊపింది. రాయితో కొట్టి చువ్వలు దించుతుంటే చప్పుడుకు లేస్తాడేమోనని, నేను కొట్టిన ప్రతిసారీ అత్త గట్టిగా దగ్గింది. చెవులు సరిగ్గా వినపడని మనిషి కోసం అంత దగ్గు ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు. దారం మళ్ళీ బిగించాం. అత్త చేతిలో ముగ్గు తిన్నగా, తెల్లగా, పొద్దుట నుంచీ అక్కడే ఉన్నట్టు పడింది.

మామ లేచి వచ్చి గీత దగ్గర నిలబడ్డాడు.

"గిదేంది, గింత దూరం ఒచ్చింది?"

"నిద్రమబ్బుల అట్లనే కనవడ్తది. చాయ తాగు" అంది అత్త.

ఆయన చాయ్ తాగాడు. పార అందుకున్నాడు. గీత వెంబడే తవ్వాడు.

మరునాడు పక్కల గీతలకూ అదే గతి పట్టింది. ఈసారి మామను అటు తిప్పి ఉంచే పని బా తీసుకుంది. తన ఇంటి గోడకు పడిన పగులు చూడమని పిలిచి, హిందీలో దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మొదలుపెట్టింది. మేం ఎడమ చువ్వను జరిపి, కుడి చువ్వనూ జరిపి, ముగ్గు వేసి, చేతులు కడుక్కుని, ఇంట్లోకి వెళ్ళి పప్పు ఏరుతూ కూర్చున్నాం. అయినా ఆ పగులు కథ పూర్తి కాలేదు.

తర్వాత పని చకచకా సాగింది. మామ తవ్విన కాలవలో కంకర పోసి, దిమ్మిసతో కొట్టి గట్టిపరిచాడు. మట్టిని వదులుగా వదిలేస్తే మెట్లు ఏడాదిలో కుంగిపోతాయని ప్రతి దెబ్బకూ మాకు చెప్పాడు. బ్లాకులను నీళ్ళతో తడిపి, కింది వరసలో రెండు బ్లాకుల అతుకు మీద పై వరస బ్లాకు నడిమి భాగం పడేట్టు పేర్చుకుంటూ, సిమెంటు మాలు పెట్టి చుట్టూ గోడ లేపాడు. లోపలి ఖాళీలో విరిగిన బ్లాకుల ముక్కలు, కంకర, పైన ఇసుక నింపాం. ఆ ఇసుక మోసి మోసి నా చేతులు పడిపోయాయి. చిన్న గచ్చుకు ఇంత ఇసుక ఎందుకు పడుతోందని మామ ఒకసారి కూడా అడగకపోవడం చూసి, అత్త నాతో గుజరాతీలో, "వయసు మీద పడింది పాపం, లెక్క తెలవట్లేదు" అంది. ఆయన పక్కనే మాలు కలుపుతున్నాడు. తల ఎత్తలేదు.

ముందు వైపు మెట్లు కట్టేటప్పుడు మాత్రం మామ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ప్రతి మెట్టూ ఒకే ఎత్తు ఉండాలి, ఒక్కటి తేడా పడినా కాలు మోసపోతుంది అని, అత్తను పిలిచి, ఆమె ఏ నొప్పీ లేకుండా ఎంత ఎత్తు కాలు ఎత్తగలదో గోడకు బొగ్గుతో గుర్తు పెట్టుకున్నాడు. ఆ గుర్తు ప్రకారమే మెట్లు కట్టాడు. మాలు ఆరేదాకా గోనెపట్టాలు కప్పి పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లాడు. అత్త అంతా చూసి, ఒక గోనెపట్టా అంచు సర్దింది. తర్వాత నా వైపు తిరిగి, "జరిపింది జరిపినం, ఇగ తియ్యలేం" అంది, గుజరాతీలోనే.

చివరగా ఇసుక మీద పై బ్లాకులు పరిచాడు. ఆఖరి బ్లాకు పెట్టి, రబ్బరు సుత్తితో తట్టి, నడుము పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. తర్వాత వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు చాపాడు. చేతులు కూడా రెండు పక్కలకూ చాపాడు. ఎక్కడా అంచు తగలలేదు.

"కోడలా" అన్నాడు ఆకాశం వైపు చూస్తూ, "మెట్టు మీద మనిషి గిట్ల పండుకుంటడా?"

నేను ఇసుక ఊడుస్తున్నట్టు వంగేలోగానే ఎదురింటి నుంచి బా కేక వేసింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, వంగి, ఒక కన్ను మూసి మా గచ్చును చూస్తోంది.

"ఢాళ్ క్యాఁ ఛే?" వాలు ఎక్కడుంది, అని.

మామ దిగ్గున లేచి కూర్చున్నాడు. పనిలో తప్పు పట్టారన్న రోషంలో ఆయనకు ఒళ్ళు తెలియలేదు.

"ఢాళ్ తో ఛే, బా! తమారీ ఆంఖ్ క్యాఁ ఛే?" అని అరిచాడు. వాలు ఉంది, నీ కళ్ళే ఎక్కడున్నాయి, అని. తడబాటు లేదు, వెతుకులాట లేదు, కూరగాయల బండివాడు మాట్లాడినట్టు మాట్లాడాడు.

అత్త చేతిలోని చాయ్ గ్లాసు సగం దారిలో ఆగిపోయింది. నాకు గీతా గుర్తు రాలేదు, చువ్వా గుర్తు రాలేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆయన ఎదురుగా కూర్చుని అత్తా నేనూ గుజరాతీలో మాట్లాడుకున్నవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఆయన గురక. ఆయన వేసుకునే ఆ పసుప్పచ్చ చొక్కా. ఆయన చెల్లెలు. అమ్మో, ఆయన చెల్లెలి గురించి అన్నవి.

మామ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. లేచి, చేతులు దులుపుకుని, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఆ సాయంత్రం అత్త వంటింట్లో నాతో తెలుగులో కూడా మాట్లాడలేదు, కనుసైగలే చేసింది.

మరునాటి మధ్యాహ్నం ఆయన ప్రతీకారం తీర్చుకున్నాడు. ఆడవాళ్ళు రాకముందే మడత మంచం తెచ్చి అరుగు నడిమధ్యలో వేసుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. ఉల్లిగడ్డలు, కత్తిపీటలు, కుట్టుపని పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు మెట్ల కింద నిలబడి కొంతసేపు చూసి వెళ్ళిపోయారు. బా మాత్రం వెళ్ళలేదు. కింది మెట్టు మీద కూర్చుని, తువ్వాలు వైపు చూస్తూ తన మోకాళ్ళ గురించి, కొడుకు గురించి, దుకాణం గురించి గట్టిగా మాట్లాడుతూనే ఉంది. తువ్వాలు కదల్లేదు. ఇట్లా కొన్నాళ్ళు జరిగింది.

ఆ యుద్ధాన్ని వాన ఆపింది. మొదటి పెద్ద వాన. మామ మంచం ఎత్తుకుని లోపలికి పరిగెత్తి, కిటికీ దగ్గర నిలబడి, తన గచ్చు మీద నీళ్ళు ఎట్లా జారిపోతాయో చూద్దామని మమ్మల్ని కూడా పిలిచాడు. నీళ్ళు జారాయి. చక్కగా, ఒద్దికగా, ఒక్క చుక్క కూడా వీధి వైపు పోకుండా గడప కింది సందుల్లోంచి లోపలికి వచ్చాయి. మంచం కింద ఆయన పెట్టుకున్న పరుపు చుట్ట మొదట తడిసింది.

మేమంతా బకెట్లు, చీపుర్లు పట్టుకుని నీళ్ళు తోడుతుంటే, ఆయన వానలోనే బయటికి వెళ్ళి, ఇంకా పీకకుండా వదిలేసిన ముందు చువ్వ దగ్గర చతికిలబడ్డాడు. చువ్వను పట్టి చూశాడు. ఎర్ర ముడిని చూశాడు. వెనక్కి తిరిగి, "చువ్వ జరిపినోళ్ళు మునుపటంత లోతు ఎందుకు దించలె?" అని అడిగాడు.

అప్పుడు అర్థమైంది నాకు. మేం మళ్ళీ పాతినప్పుడు చువ్వ పాత లోతుకు దిగలేదు. చువ్వతో పాటు ముడీ పైకి లేచింది. ఆ ముడి చూసుకుని ఆయన ముందు అంచును గడప వైపు కంటే ఎత్తుగా కట్టేశాడు.

"జరిపింది నీకు ఎరుకేనా?" అంది అత్త.

"బా 'థోడూఁ ఆగళ్' అన్నప్పుడు కిటికీల నుంచి చూస్తనే ఉన్న. చెవులు పోయినయ్ గని కండ్లు పోలే."

"మరి ఎందుకు చెప్పలే?"

మామ ముఖం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు. "అరుగు వద్దన్న గదా. వద్దన్నోణ్ణి మళ్ళ కడ్తనంటే ఇజ్జత్ ఏముంటది? మీరే జరిపిన్రు, నేను చూడలే. గదే మంచిగుండె." కొంచెం ఆగి, "నాకు గూడ బయట గాలికి పండుకోవాలనే ఉండె. గని గా ముడి సంగతి నాకు తట్టలే. చూడనట్టు నటించుట్ల పడి గొట్టంతోటి మళ్ళ ఎత్తు చూసుకోలే" అన్నాడు.

అత్త ముందు నవ్వింది. ఆ నవ్వు వినపడి కాదు, చూసే అయి ఉంటుంది, ఆయన కూడా నవ్వాడు. నేను చీపురు పట్టుకుని గోడకు తిరిగి నవ్వాను, ఎందుకైనా మంచిదని.

వాన తెరిపిచ్చాక మరమ్మతు మొదలైంది. ముందు గోడను దించాలంటే మాలు పగలగొట్టాలి. అందుకని గడప వైపే లేపుదామన్నాడు మామ. గడప పైఅంచు గచ్చు కంటే నాలుగు వేళ్ళు ఎత్తులో ఉండడం మా అదృష్టం. పై బ్లాకులు ఉత్త ఇసుక మీద పరిచినవే కాబట్టి సులువుగా లేచాయి. షరతు మాత్రం పెట్టాడు. అరుగు మీద కూర్చోవాలనుకునే ప్రతి మనిషీ వచ్చి ఇసుక మోయాలి. కత్తిపీటలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళే ఇప్పుడు తట్టలు పట్టుకుని వచ్చారు. బా మోయలేదు కనుక మామ ఆవిడకు నీళ్ళగొట్టం ఒక కొస ఇచ్చి గడప దగ్గర కూర్చోబెట్టాడు. ఇద్దరూ గుజరాతీలో పోట్లాడుకుంటూ ఎత్తులు చూశారు. ఆవిడ ఊపు చూస్తే నిజంగా సంతోషంగా ఉన్నట్టనిపించింది. ఎన్నాళ్ళుగానో ఎదురింట్లో ఉన్న మనిషితో ఇప్పుడే తన భాషలో మాట్లాడగలుగుతోంది మరి.

చివర్లో మామ చెంబెడు నీళ్ళు గడప ముందు పోశాడు. అందరం వంగి చూశాం. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, వీధి వైపు కదిలి, మెట్ల మీంచి దిగిపోయాయి. అత్త ఆ తడి మెట్ల మీదే, ముఖం ముందుకు పెట్టి, ఎవరినీ పట్టుకోకుండా నడిచి దిగింది. మళ్ళీ ఎక్కింది. అవసరం లేకపోయినా ఇంకోసారి దిగింది.

ఒప్పందం కుదిరింది. చాయ్ వేళ దాకా అరుగు మామది, తర్వాత మాది.

అంతా సర్దుకుందనుకున్న సాయంత్రం మా ఆయన సచిన్ నుంచి బండి మీద వచ్చాడు. ఇన్నాళ్ళూ బ్లాకుల కుప్ప అడ్డంగా ఉందని బండిని వీధి చివర పెట్టి నడిచి వచ్చేవాడు. కుప్ప తీసేసి మిగిలిన బ్లాకులు గోడవారకు సర్దేశామని, ఆ రోజు నేరుగా ఇంటి ముందుకు వచ్చి ఆగాడు. బండి నిలబెట్టే చోటంతా అరుగైపోయి ఉంది.

"నా బండి యాడ పెట్టాలె?" అన్నాడు.

మామ అత్తను చూశాడు. అత్త నన్ను చూసింది. నేను బాను చూశాను. ఆ చోటు బండిదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాతి ఆదివారం మామ మిగిలిన బ్లాకులతో అరుగు పక్కన బండి ఎక్కేందుకు ఏటవాలు దారి కట్టాడు. ఈసారి చువ్వల దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. రాత్రికి బండి అరుగు మీదే ఉంటుంది కానీ, ఆడవాళ్ళు లేస్తేనే దానికి చోటు. మా ఆయన వచ్చేసరికి బా ఏదో ఒక కథ మధ్యలో ఉంటుంది. ఆయన ఇంజను ఆపి, బండి మీదే కూర్చుని, ఎదురుచూస్తాడు. మొదట్లో హారన్ కొట్టేవాడు. ఇప్పుడు కొట్టడం మానేశాడు. నిన్న నేను ఆయనకు చాయ్ బండి మీదికే అందించాను. బా కథలో, కోడలు పుట్టింటికి వెళ్ళి తిరిగి రానన్న ఘట్టం నడుస్తోంది. గ్లాసు పట్టుకుని మా ఆయన ముందుకు వంగి, "పఛీ షూఁ థయుఁ, బా?" అని అడిగాడు. తర్వాత ఏమైంది, అని. బా ఆయన కోసం కథ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.